పాత మాసీకి, పాత ఫోర్డుకి ఒకే డబ్బా ఆయిల్ సరిపోతుందా?

ప్రశ్న: మా ఇంట్లో రెండు పాత ట్రాక్టర్లు ఉన్నాయి. ఒకటి మా నాన్నగారు కొన్న మాసీ ఫెర్గూసన్ 1035, రెండోది మా చిన్నాన్నగారి ఫోర్డ్ 3600. రెండింటి ఇంజన్లూ బాగుచేయించాను. మాసీ లిఫ్ట్ (వెనుక పనిముట్లను ఎత్తే హైడ్రాలిక్ చేతులు) పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు చాలా ఆలస్యంగా లేస్తోంది. డ్రెయిన్ ప్లగ్గు వదులు చేసి చూస్తే ఆయిల్ మజ్జిగ రంగులో ఉంది. ఫోర్డులో గేర్ బాక్స్ ఆయిల్ మట్టం మేము పోయకుండానే పెరుగుతోంది. మా మెకానిక్ రెండింట్లోనూ 140 గేర్ ఆయిల్ పోయమంటున్నాడు. షాపు ఆయన జీఎల్-5 రకం 90 ఆయిల్ అన్నిటికన్నా మేలైనదంటున్నారు. జేసీబీ నడిపే మా బంధువు 68 నంబరు హైడ్రాలిక్ ఆయిల్ చాలంటున్నాడు. టెక్సాస్‌లో ఉంటున్న మా అల్లుడు అక్కడ ఒక పాత ఫోర్డ్ 8ఎన్ కొన్నాడు. పసుపు బకెట్లలో చవకగా దొరికే 303 అనే ట్రాక్టర్ ఆయిల్ దానికి పోద్దామనుకుంటున్నాడు, మమ్మల్నీ అలాంటిదే వెతకమంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక రైతు, బాపట్ల జిల్లా

సమాధానం: మీకు సలహా ఇచ్చినవారిలో మొదటి ముగ్గురూ తమకు అలవాటైన యంత్రానికి సరిపోయే ఆయిల్‌నే చెప్పారు. 140 నంబరు ఆయిల్ బరువు లాగే లారీల వెనుక ఇరుసులో పనికొస్తుంది, జీఎల్-5 కార్లు, జీపుల డిఫరెన్షియల్‌లో ఉండే హైపాయిడ్ గేర్లకు తగినది, 68 నంబరు ఆయిల్ విడి ట్యాంకు, విడి పంపు ఉన్న లోడర్లకు తగినది. మీ రెండు ట్రాక్టర్లూ ఈ మూడింటిలో ఏ కోవకూ చెందవు. నా సమాధానం ముందే చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. రెండు ట్రాక్టర్లలోనూ, ఫోర్డు గేర్ బాక్సుతో సహా, ట్రాక్టర్ల ట్రాన్స్‌మిషన్‌కీ హైడ్రాలిక్‌కీ కలిపి తయారుచేసే యూటీటీఓ రకం ఆయిల్ పోయండి. ఇంగ్లిష్‌లో యూనివర్సల్ ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ అనే పేరును కుదించి డబ్బాల మీద ఇలా రాస్తారు. అయితే పోసేముందు మాసీలోకి నీరు ఎలా వచ్చిందో, ఫోర్డులో ఏ సీలు పోయిందో తేల్చుకోవాలి. ఆ రెండూ తేల్చకుండా ఎంత మంచి ఆయిల్ పోసినా డబ్బు నేలపాలే.

మాసీ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే ఆ ట్రాక్టరు నిర్మాణం అర్థమైతే ఆయిల్ ఎంపిక దానంతట అదే తేలిపోతుంది. 1035కి మూలం ఇంగ్లండులో 1956లో వచ్చిన ఫెర్గూసన్ 35, దానికి ముందుది 1946 నుంచి 1956 వరకు కోవెంట్రీలోని బ్యానర్ లేన్ కర్మాగారంలో తయారైన చిన్న బూడిద రంగు టీఈ20. మద్రాసులో 1960లో మొదలైన టాఫే సంస్థ మన దేశంలో ఈ వంశాన్ని కొనసాగించింది. హ్యారీ ఫెర్గూసన్ రూపకల్పనలో హైడ్రాలిక్ పంపు బయట ఎక్కడో కాక, ట్రాక్టరు నడుము భాగంలోని హౌసింగ్‌లోనే, గేర్లను తడిపే ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. నాలుగు పిస్టన్ల ఆ పంపు, ఇంజన్ శక్తిని పనిముట్లకు అందించే పీటీఓ షాఫ్టు మీద తిరుగుతూ, తన చుట్టూ ఉన్న ఆయిల్‌నే పీల్చి, చదరపు అంగుళానికి రెండు వేల పౌండ్ల పైచిలుకు ఒత్తిడితో లిఫ్ట్ సిలిండర్‌లోకి నెడుతుంది. అంటే గేర్ బాక్సుకూ, వెనుక ఇరుసుకు శక్తిని మళ్లించే గేర్ల జత అయిన క్రౌన్ పినియన్‌కూ, లిఫ్టుకూ ఒకటే ఆయిల్. గేర్ల పళ్ల మధ్య నలిగినా పొర తెగనంత బలం దానికి ఉండాలి, పంపు సులువుగా పీల్చుకోగలిగినంత పలచదనమూ ఉండాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. పాత ట్రాక్టర్ల ఆయిల్ విషయంలో వచ్చే తగాదాలన్నీ ఇక్కడే పుడుతున్నాయి.

మెకానిక్ 140 ఎందుకు చెప్పాడో ఊహించడం కష్టం కాదు. అరిగిన గేర్ల రొద చిక్కటి ఆయిల్‌లో కాస్త అణుగుతుంది, పాత సీళ్ల నుంచి కారడమూ తగ్గుతుంది. బండి అప్పగించే రోజున అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ పంపు పీల్చుకునే వైపు పనిచేసేది వాతావరణ పీడనం ఒక్కటే. నెట్టే వైపు వేల పౌండ్ల బలం ఉన్నా, పీల్చే వైపు చదరపు అంగుళానికి పదిహేను పౌండ్లకు మించి సాయం దొరకదు. 40 డిగ్రీల దగ్గర యూటీటీఓ ఆయిల్ చిక్కదనం (దాన్ని సెంటీస్టోక్‌లలో కొలుస్తారు) సుమారు 60 సెంటీస్టోక్‌లు ఉంటే, 90 గేర్ ఆయిల్ 180 నుంచి 200 వరకు, 140 ఆయిల్ 400కు పైగా ఉంటుంది. మార్గశిర, పుష్య మాసాల పొద్దుటి చలిలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అంత చిక్కటి ఆయిల్ జల్లెడ దాటి పంపు గదులను నింపేలోపే పిస్టన్ వెనక్కి తిరుగుతుంది. గది సగం ఖాళీగా ఉండగా ఏర్పడిన బుడగలు ఒత్తిడికి పేలిపోతూ లోహాన్ని గిల్లుతాయి. ఇంజన్ వేడెక్కేదాకా లిఫ్ట్ లేవకపోవడం, పంపు నుంచి గలగల శబ్దం రావడం దాని గుర్తులు. మీ మాసీలో ఇంతకుముందు ఎవరైనా 140 పోసి ఉంటే, పొద్దుటి బద్ధకానికి సగం కారణం అదే కావచ్చు.

ఈ నంబర్ల గురించి ఒక అపోహ ఉంది, దాన్ని తొలగించాలి. గేర్ ఆయిళ్ల 90, 140 నంబర్లకూ ఇంజన్ ఆయిళ్ల 30, 40 నంబర్లకూ కొలబద్దలు వేరు. 100 డిగ్రీల దగ్గర కొలిస్తే ఎస్.ఏ.ఈ. 90 గేర్ ఆయిల్ చిక్కదనం 13.5 సెంటీస్టోక్‌ల నుంచి మొదలవుతుంది. ఎస్.ఏ.ఈ. 40 ఇంజన్ ఆయిల్ 12.5 నుంచి 16.3 మధ్య ఉంటుంది. అంటే 90 అనేది 40కి రెట్టింపు చిక్కన కాదు, ఇంచుమించు దాని సరసనే ఉంటుంది. కొన్ని పాత ట్రాక్టర్ల పుస్తకాల్లో ట్రాన్స్‌మిషన్‌కి ఇంజన్ ఆయిల్ నంబరు కనిపించినప్పుడు అచ్చుతప్పేమోనని కొట్టిపారేయకుండా ఈ లెక్క గుర్తుచేసుకోవాలి. ఆ పుస్తకాల్లో వాతావరణాన్ని బట్టి రెండు మూడు గడులు కూడా ఉంటాయి. అవి మంచు కురిసే దేశాలను కూడా దృష్టిలో పెట్టుకుని రాసినవి. రెంటచింతల ఎండలు ఎరిగిన మనకు వాటిలో అన్నిటికన్నా వేడి గడి మాత్రమే వర్తిస్తుంది, చలి గడిలోని పలచటి నంబరు మనకు అక్కరలేదు.

షాపు ఆయన చెప్పిన జీఎల్-5 విషయానికి వస్తే, పెద్ద నంబరు ఉన్నది మెరుగైనదనే నమ్మకం ఇక్కడ బెడిసికొడుతుంది. జీఎల్-1 అంటే ఒత్తిడిని తట్టుకునే రసాయనాలేవీ కలపని మామూలు ఖనిజ నూనె. జీఎల్-4లో గంధకం, భాస్వరం ఆధారిత రసాయనాలు ఓ మోతాదులో ఉంటాయి, జీఎల్-5లో అవి దాదాపు రెట్టింపు. హైపాయిడ్ గేర్లలో పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతోపాటు బాగా జారుతాయి కాబట్టి అక్కడ అంత మోతాదు అవసరం. మాసీ, ఫోర్డు 8ఎన్ వంటి ట్రాక్టర్ల క్రౌన్ పినియన్ స్పైరల్ బెవెల్ రకం, దానికి అంత అక్కరలేదు. అక్కరలేకపోవడంతో ఆగితే ఫరవాలేదు. పాత గేర్ బాక్సుల్లో బుష్‌లు, వాషర్లు కంచుతోనూ ఇత్తడితోనూ చేసినవి ఉంటాయి. వేడి మీద ఉన్న ఘాటైన గంధకపు రసాయనం ఈ పసుపు లోహాలను నల్లబరుస్తూ మెల్లగా తినేస్తుంది. హౌసింగ్‌లో నీరు కూడా చేరితే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. కొత్త తరం జీఎల్-5లలో కొన్నింటిని ఈ లోహాలకు హాని చేయకుండా తయారుచేస్తున్నారు, అయినా డబ్బా మీద ఆ సంగతి స్పష్టంగా రాసి లేనప్పుడు నలభై ఏళ్ల గేర్ బాక్సును ప్రయోగశాలగా మార్చవలసిన పని లేదు. గేర్ ఆయిలే పోయాలని మీరు పట్టుబడితే 80డబ్ల్యు-90 చిక్కదనంలో జీఎల్-4 తీసుకోండి. అదీ ఫోర్డు గేర్ బాక్సు వంటి విడి గదికే, పంపు ఉన్న గదికి కాదు.

68 నంబరు హైడ్రాలిక్ ఆయిల్ పోస్తే మాసీ లిఫ్ట్ మర్నాటికే చురుగ్గా లేస్తుంది, అదే దానిలోని ప్రమాదం. ఆ నంబరు 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం, అంటే యూటీటీఓకు దగ్గరగానే ఉంటుంది, కాబట్టి పంపు సంతోషిస్తుంది. కానీ ఆ ఆయిల్‌లో పంపు అరుగుదలను ఆపే రసాయనాలు ఉంటాయే తప్ప, క్రౌన్ పినియన్ పళ్ల మధ్య పడే ఒత్తిడిని మోసే రసాయనాలు ఉండవు. ఎండిన నేలలో ట్రక్కు లాగినంతసేపూ తేడా తెలియకపోవచ్చు. ఇనుప చక్రాలు వేసి మోకాలి లోతు బురదలో రోజంతా దమ్ము చేసినప్పుడు మొదటి గేరులో పినియన్ మీద పడే భారం వేరు. రెండు మూడు సార్వాలు గడిచాక పళ్ల మీద గుంటలు పడి, కిందికి దించిన ఆయిల్‌లో మెరిసే ఇనుప పొడి కనిపించినప్పుడు, లిఫ్ట్ బాగుందన్న సంతోషం ఖరీదు ఎంతో తెలుస్తుంది.

యూటీటీఓ పుట్టిందే ఈ చిక్కు తీర్చడానికి. గేర్లకు కావలసిన ఒత్తిడి రసాయనాలు పసుపు లోహాలకు హాని చేయని మోతాదులో, పంపుకు కావలసిన పలచదనం, నురగ రాకుండా చూసే గుణం, తుప్పు నిరోధకాలు, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు కీచుమనకుండా ఆపే రసాయనాలు అన్నీ ఒకే నూనెలో కలుపుతారు. చివరి గుణం పొడి డ్రమ్ము బ్రేకులున్న పాత మాసీకి అవసరం లేదు, అలాగని ఉంటే నష్టమూ లేదు. మీ ఫోర్డు బ్రేకులు పొడివో, ఆయిల్‌లో మునిగేవో ఒకసారి విప్పించి చూడండి. మునిగేవైతే వెనుక హౌసింగ్‌లో యూటీటీఓ తప్ప మరొకటి పోయకూడదు.

డబ్బా మీద "ట్రాక్టర్ ఆయిల్" అని పెద్ద అక్షరాలు, చక్కటి బొమ్మ ఉన్నంత మాత్రాన సరిపోదు. వెనుక చిన్న అక్షరాల్లో తయారీదారుల ప్రమాణాల సంఖ్యలు ఉంటాయి, చూడవలసింది వాటినే. మాసీకి ఎం1135 లేదా ఎం1141, ఫోర్డుకి ఎం2సీ134-డి లేదా ఎం2సీ86-బి కనిపించాలి. ప్రసిద్ధ కంపెనీల యూటీటీఓలలో ఈ రెండు వంశాల సంఖ్యలూ ఒకే డబ్బా మీద ఉండటం మామూలే. మీ శీర్షిక ప్రశ్నకు, అంటే ఒకే డబ్బా రెండింటికీ సరిపోతుందా అన్నదానికి, అవుననడానికి ఆధారం అదే. ఇంజన్‌తో సహా అన్నిటికీ ఒకటే అంటూ అమ్మే ఎస్‌టీఓయూ రకం కూడా బజారులో ఉంది. ఇంజన్‌కి వేరే ఆయిల్ కొంటున్న మీకు దానితో ప్రత్యేక లాభం లేదు. లూజుగా అమ్మే ఆయిల్‌ను, సీలు లేని డబ్బాను మాత్రం ఎంత తెలిసిన షాపైనా తీసుకోవద్దు. ఇంజన్ ఆయిల్‌లో కల్తీ త్వరగా బయటపడుతుంది, హౌసింగ్‌లో పోసిన కల్తీ ఏళ్ల తరబడి కనపడకుండా పనిచేస్తుంది.

ఇక ఆ మజ్జిగ రంగు. ఆయిల్‌లో నీరు కలిసి చిలికినట్టయిందని దాని అర్థం. అనుమానం ఉంటే ఒక ఇనుప రేకును బాగా వేడిచేసి, ముఖం దూరంగా పెట్టుకుని, రెండు చుక్కలు వేసి చూడండి. చిటపటమంటే నీరే. డెల్టాలో ట్రాక్టరుకు నీరు రావడానికి దారులు తక్కువేమీ కాదు. దమ్ములో ఇరుసు మునిగినప్పుడు అరిగిన వెనుక ఇరుసు సీళ్ల నుంచి, పీటీఓ షాఫ్టు సీలు నుంచి వస్తుంది. షెడ్డు కారుతుంటే గేరు రాడ్డు మీది రబ్బరు తొడుగు చిరుగుల్లోంచి వానచుక్కలు దిగుతాయి. చివరిదీ, చాలామంది పట్టించుకోనిదీ గాలి రంధ్రం. పని మీద వేడెక్కిన హౌసింగ్ సాయంత్రం చల్లబడుతూ లోపలికి గాలిని పీలుస్తుంది, ఆ గాలితోపాటు తేమ వచ్చి పైకప్పు కింద చుక్కలు కట్టి ఆయిల్‌లో పడుతుంది. పని లేకుండా నిలిపి ఉంచిన బండిలో ఇది ఏళ్ల తరబడి జరుగుతుంది. ఇప్పుడు మార్చేటప్పుడే ఇరుసు సీళ్లు, పీటీఓ సీలు, గేరు తొడుగు మార్పించి, గాలి రంధ్రం మూత శుభ్రం చేయించండి. ఇరుసు సీలు పోయిన మాసీలో ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి కూడా చేరుతుంది. బ్రేకు ఒకవైపు లాగుతుంటే కారణం అదే కావచ్చు.

ఆయిల్ దించే పద్ధతిలో తొందర వద్దు. బండిని సమతలంగా నిలిపి, లిఫ్ట్ చేతులు పూర్తిగా దించి, ఒక రాత్రి కదపకుండా ఉంచండి. మర్నాడు స్టార్ట్ చేయకుండా ప్లగ్గును కొద్దిగా వదులు చేస్తే, విడిగా పేరుకున్న నీరు ముందు వచ్చేస్తుంది. ఆ తర్వాత ప్లగ్గు బిగించి, అరగంట నడిపి, వేడి మీద మిగిలిన ఆయిల్‌ను దించండి. చిలికి తెల్లబడిన ఆయిల్ నిలవ ఉంచితే తేరుకుంటుందని ఎదురుచూడటం వృథా, దాన్ని తిరిగి పోయకూడదు. దించాక హౌసింగ్‌లో డీజిల్ గాని కిరోసిన్ గాని పోసి ఇంజన్ నడిపి కడగడం మన దగ్గర బాగా అలవాటు. పంపు ఉన్న హౌసింగ్‌లో ఆ పని చేయవద్దు. డీజిల్‌కు పంపు పిస్టన్లను అరగకుండా కాపాడే జిడ్డు లేదు, పైగా మూలల్లో మిగిలిపోయి కొత్త ఆయిల్‌ను పలచబరుస్తుంది. కడగాలనుకుంటే పోయబోయే యూటీటీఓనే కనీస మట్టం దాకా పోసి, బరువు వేయకుండా కొద్దిసేపు నడిపి, లిఫ్ట్‌ను కొన్నిసార్లు ఎత్తి దించి, దాన్ని దించేయండి. ఖర్చు అనిపిస్తుంది, కానీ పాత 140, నీరు, మడ్డి కలిసిన ఆ మిశ్రమాన్ని బయటికి తేవడానికి ఇంతకన్నా నిరపాయమైన దారి లేదు.

పంపు పీల్చే వైపు ఉండే జల్లెడను ఈ అవకాశంలోనే తీయించి కడిగించండి. హౌసింగ్ పక్క మూత విప్పకుండా ఆయిల్ మాత్రం మార్చి బిల్లు రాసే మెకానిక్కులు ఉంటారు, దగ్గరుండి చూసుకోండి. కొత్త యూటీటీఓలోని శుద్ధిచేసే రసాయనాలు దశాబ్దాల మడ్డిని వదిలించి తేలేలా చేస్తాయి, ఆ మడ్డి వచ్చి చేరేది జల్లెడకే. అందుకని మొదటిసారి పోసిన ఆయిల్‌ను పూర్తికాలం వాడకుండా, ఒక 50 గంటల పని తర్వాత జల్లెడ మళ్లీ చూసి, రంగు మారితే దించేయడం మంచిది. ఆ తర్వాత మీ పుస్తకంలో చెప్పిన గంటల ప్రకారం నడుచుకోవచ్చు. దమ్ము చేసే ట్రాక్టరుకు మాత్రం గంటల లెక్క పక్కన పెట్టి, సార్వా దమ్ములు ముగిశాక ప్రతి ఏడూ ఆయిల్ రంగు చూడమంటాను. ఎంత పోయాలన్నది డిప్‌స్టిక్ చెబుతుంది. మాసీకి ఇరవై లీటర్ల డబ్బా ఒకటి చాలదు, రెండోది ముందే తెప్పించుకోండి. మట్టం మించి పోస్తే గేర్లు చిలికి నురగ వస్తుంది, తగ్గితే పంపు గాలి పీలుస్తుంది. రెండు సందర్భాల్లోనూ లిఫ్ట్ వణుకుతూ లేస్తుంది.

కొత్త ఆయిల్ పోశాక కూడా లిఫ్ట్ తీరు మారకపోతే దోషం ఆయిల్‌ది కాదు, దాన్ని ఇలా గుర్తించవచ్చు. చల్లగా ఉన్నప్పుడు బద్ధకించి వేడెక్కాక బాగా లేస్తే చిక్కటి ఆయిల్ గాని, మూసుకుపోయిన జల్లెడ గాని కారణం. చల్లగా ఉన్నప్పుడు బాగా లేచి, వేడెక్కాక నీరసిస్తే పంపు గాని, సిలిండర్ పిస్టన్ రింగులు గాని అరిగిపోయి, పలచబడిన ఆయిల్ సందుల్లోంచి జారిపోతోందన్నమాట. కల్టివేటర్‌ను పైకెత్తి ఇంజన్ ఆపేయండి. నిలిచి ఉండక గబగబా దిగిపోతే లోపం పంపులో కాదు, సిలిండర్‌లోనో వాల్వులోనో ఉంది. ఎత్తిన కల్టివేటర్ కిందికి ఎవరూ చేతులు గాని కాళ్లు గాని పెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు. ఇలాంటి అరుగుదలను 140 పోసి కప్పిపుచ్చడం కొంతకాలం సాగుతుంది, ఆ కొంతకాలంలో పంపు కూడా పోతుంది.

ఫోర్డు 3600 సంగతి వేరు. దానిలో గేర్ బాక్సుకు ఒక గది, వెనుక ఇరుసుకూ హైడ్రాలిక్‌కూ కలిపి మరో గది ఉంటాయి. రెండింటికీ వేర్వేరు ప్లగ్గులు, వేర్వేరు మట్టాలు. ఈ రెండు గదుల మధ్య నుంచి పీటీఓ షాఫ్టు వెళ్తుంది, దాని సీలు అరిగినప్పుడు వెనుక గదిలోని ఆయిల్ మెల్లగా ముందు గేర్ బాక్సులోకి చేరుతుంది. మీరు పోయకుండానే గేర్ బాక్సు మట్టం పెరగడం ఇదే. ఈ కుటుంబానికి చెందిన ఫోర్డు ట్రాక్టర్లకు ఇది పాత జబ్బే. వెనుక మట్టం అంతే మోతాదులో తగ్గుతోందేమో చూస్తే నిర్ధారణ అయిపోతుంది. అసలు మందు ఆ సీలు మార్చడం, దానికి ట్రాక్టరును నడుము దగ్గర విడదీయవలసి రావచ్చు. ఎలాగూ క్లచ్ పని ఉందనుకుంటే అప్పుడే కలిపి చేయించుకోండి. ఈలోగా గేర్ బాక్సులో గేర్ ఆయిల్, వెనుక యూటీటీఓ పోసి నడిపారనుకోండి, రెండూ కలిసి గేర్ బాక్సులో పేరు లేని మిశ్రమం తయారవుతుంది. గేర్ బాక్సులో విడిగా జీఎల్-4 పోయవచ్చని పైన అన్నాను. కానీ సీలు పోయిన మీ బండిలో రెండు గదుల్లోనూ ఒకే యూటీటీఓ పోయమనడానికి కారణం ఇదే. సీలు మారేదాకా వారానికోసారి రెండు మట్టాలూ చూసి, ముందు పెరిగిన దాన్ని దించి, వెనుక తగ్గినదాన్ని కొత్త ఆయిల్‌తో నింపుతూ ఉండండి. వెనుక మట్టం పడిపోతే ముందు చెడేది హైడ్రాలిక్ పంపు.  140 ఆయిల్ మాసీకి లాగే దీనికీ చేటే.

మీ అల్లుడిగారి 8ఎన్‌కు మీ మాసీతో చుట్టరికం ఉంది. 1938లో హ్యారీ ఫెర్గూసన్, హెన్రీ ఫోర్డు చేతులు కలిపి మాట మీదే చేసుకున్న ఒప్పందం నుంచి 1939లో ఫోర్డ్ 9ఎన్ వచ్చింది. ఆ మాట తప్పిందని ఫెర్గూసన్ కోర్టుకెక్కేనాటికి ఫోర్డు 1947 నుంచి 8ఎన్ అమ్ముతోంది. 1952లో ఫోర్డు 92.5 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది, 8ఎన్ తయారీ కూడా ఆ ఏడాదితోనే ముగిసింది. ఆ వ్యాజ్యంలో హైడ్రాలిక్ లిఫ్టు పేటెంట్ల వాటా పెద్దది. కాబట్టి 8ఎన్‌లోనూ గేర్ బాక్సు, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ మూడింటికీ ఒకటే ఆయిల్, సుమారు 19 లీటర్లు. దానికీ ఎం2సీ134-డి ప్రమాణమున్న ఆయిల్ చక్కగా సరిపోతుంది.

పసుపు బకెట్ల 303 మాత్రం ఆయన కొనకూడదు. 303 అనేది జాన్ డీర్ సంస్థ 1960ల నాటి ఒక ఆయిల్‌కు పెట్టిన సంఖ్య, అందులో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. అమెరికాలో తిమింగలాల రక్షణ చట్టాలు వచ్చాక 1970లలోనే ఆ సంస్థ దాన్ని ఆపేసి వేరే ప్రమాణాలకు మారిపోయింది. ఆగిపోయిన ప్రమాణానికి యజమాని ఉండరు, దాన్ని పాటించారో లేదో అడిగేవారూ ఉండరు. ఆ సందులోంచి దశాబ్దాల పాటు ఆ సంఖ్య వేసుకుని ఏవేవో నూనెలు బకెట్లలో అమ్ముడుపోయాయి. మిస్సోరి రాష్ట్ర వ్యవసాయ శాఖ కొన్నింటిని పరీక్షించి, ట్రాక్టర్లకు హాని చేసేంత నాసిగా ఉన్నాయని తేల్చి అమ్మకాన్ని అడ్డుకుంది, రైతులు వేసిన దావాలూ నడిచాయి. ధర తక్కువగా ఉండి, డబ్బా మీద నేడు అమల్లో ఉన్న ఏ తయారీదారు ప్రమాణమూ లేకుండా, పాత సంఖ్య ఒక్కటే ఉంటే అది ఏ దేశంలో దొరికినా షెల్ఫులోనే వదిలేయాలి.

ఆయన ఆయిల్ మార్చేటప్పుడు ఇంకొకటి గుర్తుచేయండి. 8ఎన్ కింద డ్రెయిన్ ప్లగ్గులు మూడు ఉంటాయి, గేర్ బాక్సు కింద ఒకటి, పంపు కింద ఒకటి, డిఫరెన్షియల్ కింద ఒకటి. ఒకటే ఆయిల్ కదా అని ఒక ప్లగ్గు విప్పి ఊరుకుంటే మిగిలిన రెండు పల్లాల్లో నీరూ మడ్డీ అలాగే ఉండిపోతాయి. మూడూ విప్పి, చివరి చుక్క దాకా కారనిచ్చి, అప్పుడు కొత్తది పోయమనండి.